మిద్దె మీది కరెంటు

బోర్డువారి తీగను తెంచివేసి, మిద్దె మీద పడే యెండతోనే యిల్లు నడుపుకోవచ్చునా అని మన కుటుంబాలవారు యీ మధ్య తరచు అడుగుతున్నారు. అడిగేవారు రెండు రకాలు. కరెంటు బిల్లు చూచి గుండె బరువెక్కినవారు ఒక రకం. తుఫాను రాత్రులు చీకట్లో విసనకర్రతో తెల్లవార్లూ గడిపి విసిగినవారు రెండవ రకం. ఈ రెండు బాధలకూ మందు ఒకటే అనుకోవటంలోనే చిక్కంతా వున్నది. బిల్లుకు పనిచేసే మందు తుఫానుకు పనిచేయదు. ఈ భేదం తెలియక పెద్ద మొత్తాలు ఖర్చుపెట్టి, తీరా అవసరం వచ్చిన రాత్రి మళ్ళీ కొవ్వొత్తులు వెతుక్కున్న యిళ్ళు మన యెరుకలోనే వున్నాయి. అందుచేత యీ నెల మన శీర్షికను యీ విషయానికే వినియోగిస్తున్నాము.

తీగ లేని యిల్లు మనకు వింత కాదు. నెల్లూరు, చిత్తూరు, గుంటూరు జిల్లాల నుండి చెన్నపట్నం వచ్చి స్థిరపడిన మన పెద్దలు బయలుదేరిన వూళ్ళన్నీ అటువంటివే. సాయంత్రమయ్యేసరికి లాంతరు చిమ్నీలను ముగ్గుపిండితో తుడవటం ఆనాటి పిల్లల పని. ఈ పట్నంలో మాత్రం 1895లోనే కరెంటు ట్రాములు నడిచాయి. దేశంలో మరే పట్నమూ అప్పటికి ఆ వింత చూడలేదు. ట్రాము చూడటానికే వూళ్ళ నుండి బంధువులు వచ్చేవారని మన యిళ్ళలో చెప్పుకునేవారు. 1957లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు యేర్పడిన పిమ్మట తీగ పల్లెపల్లెకూ పాకింది. మూడు తరాల పాటు దాని కోసం అర్జీలు పెట్టుకున్నాము. ఇప్పుడు మనుమలు వచ్చి దాన్ని తెంచుకుందామంటున్నారు!

ఈ ఆలోచన చెన్నైలో బలపడినది 2012లో. ఆ యేడు తమిళనాట కరెంటు కరువు తీవ్రంగా వుండేది. నగరంలో వంతులవారీగా రోజుకు రెండు గంటలు కోత విధించారు. జిల్లాల్లో యింకా యెన్నో గంటలు. కోయంబత్తూరు, మధుర వైపు బంధువులున్నవారికి అది బాగా జ్ఞాపకముండే వుంటుంది. ఆ సంవత్సరమే కీల్పాకంలో సురేష్ గారనే ఆయన తమ యింటి పైన ఒక కిలోవాటు సోలార్ ప్యానెళ్ళు, వాటికి బ్యాటరీలు అమర్చుకున్నారు. మద్రాసు ఐ.ఐ.టి.లోను, అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లోను చదివి, పెద్ద ఉద్యోగాలు చేసినవారు. జర్మనీ వెళ్ళినపుడు అక్కడి యిళ్ళ కప్పుల మీద ప్యానెళ్ళు చూచి, పట్టుమని నాలుగు నెలలు యెండ కాయని దేశంలో వీరు చేస్తుంటే మనకేమి వచ్చినదని అనుకున్నారట. అమర్చినవి బ్యాటరీలతో కూడినవి గనుక చుట్టుపట్ల వీధులు చీకటైనా వారి యింట్లో దీపాలు వెలిగాయి. పత్రికలవారు ఆయనకు ‘సోలార్ సురేష్’ అని పేరు పెట్టారు. వాననీరు పట్టుకోవటం, వంటింటి చెత్తతో గ్యాసు చేసుకోవటం, మిద్దె మీద కూరగాయలు పండించటం కూడ ఆయన చేశారు. ఇల్లు చూడటానికి వచ్చినవారికి విసుగు లేక చెప్పటం మరీ గొప్ప సంగతి.

ఇక లోపలి సంగతి. ప్యానెలులో వున్నది సిలికాన్. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో దీన్ని మొదట చూపినపుడు పడిన యెండలో నూటికి ఆరు వంతులు మాత్రమే కరెంటుగా మారేది. ఈనాటి ప్యానెళ్ళు నూటికి 20 వంతులకు పైగా మారుస్తున్నాయి. చెన్నైలో ఒక కిలోవాటు ప్యానెళ్ళకు సుమారు 100 చదరపు అడుగుల మిద్దె కావాలి. సంవత్సరం మీద సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయని లెక్క వేసుకోవచ్చును. దక్షిణ ముఖంగా, పట్నం అక్షాంశం 13 డిగ్రీలు గనుక యించుమించు అంతే వాలుగా పెట్టాలి. కొబ్బరిమట్ట నీడ ఒక్క మూల పడినా ఆ వరుస మొత్తం నీరసిస్తుంది. ఇది చాలామంది నమ్మరు. పక్కింటి మామిడికొమ్మ నీడ యెంత పడితే అంతే తగ్గుతుందని అనుకుంటారు. అలా కాదు. ప్యానెలు లోపలి గడులన్నీ గొలుసుగా కలిపివుంటాయి. ఒక గడి మూతపడితే గొలుసంతా వెనక్కు లాగుతుంది. నీడ చూడకుండా ధర మాత్రమే చెప్పే దుకాణదారుణ్ణి మర్యాదగా కాఫీ యిచ్చి పంపివేయటం మంచిది.

ఇంకొక పొరపాటు అభిప్రాయం: యెండ యెంత మండితే కరెంటు అంత యెక్కువ అని. ప్యానెలుకు కావలసినది వెలుతురు; వేడి కాదు. వేడెక్కిన కొద్దీ డిగ్రీకి నూటికి అర వంతు లోపు చొప్పున శక్తి తగ్గుతూ పోతుంది. కత్తిరి యెండల్లో మన తలకాయ లాగానే దానికీ మందగింపు వస్తుంది. మాఘ ఫాల్గుణాల చల్లని తేట యెండలు దానికి పండుగ.

పగలు వచ్చినదాన్ని రాత్రికి దాచుకోవటమే అసలు కష్టం. కాగితం, పెన్సిలు తీసుకుని మాతో పాటు లెక్క వేయండి. ఇద్దరు ముగ్గురున్న మామూలు యిల్లు. పాతరకం సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటుంది. కొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతో అదే గాలి యిస్తుంది. అటువంటివి రెండు రాత్రి పది గంటలు తిరిగితే 600 వాట్ గంటలు, అంటే అర యూనిట్టుకు కొంచెం పైన. నాలుగు ఎల్.ఇ.డి. దీపాలు అయిదు గంటలు వెలిగితే 180. టి.వి. నాలుగు గంటలకు 320. ఫ్రిజ్ రోజు మొత్తానికి ఒక యూనిట్టు పైచిలుకు. మిక్సీ, ఫోను ఛార్జర్లు రెండు వందల లోపు. సంపులోని నీళ్ళు పైకెక్కించే మోటారు అరగంటకు మరో అర యూనిట్టు. మొత్తం రోజుకు మూడు యూనిట్ల లోపు. ఒక కిలోవాటు నాలుగు యూనిట్లిస్తుంది గదా, బ్యాటరీలో పెట్టి తీయటంలో పోయేది పోను యెండ రోజుల్లో చాలుతుంది.

ఈ మూడింటిలో రాత్రి వాడుక సుమారు 1.7 యూనిట్లు. మన యిన్వర్టర్ల కింద వుండే 12 వోల్టుల, 150 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీ పేరుకు 1.8 యూనిట్లు దాస్తుంది. పేరుకేనని యెందుకన్నామంటే, సీసపు బ్యాటరీని సగానికి మించి రోజూ ఖాళీ చేస్తే త్వరగా చస్తుంది. కనుక యీ యింటికి రెండు కావాలి. ఇంతవరకు కథ సుఖాంతంగానే వున్నది.

ఇప్పుడు కార్తీకమాసం తలుచుకోండి. ఈశాన్య ఋతుపవనం పట్టి మూడు రోజులు సూర్యుడి ముఖం కనపడలేదు. ప్యానెళ్ళ నుండి రోజుకొక యూనిట్టు వస్తే గొప్ప. మూడు రోజుల ఖర్చు సుమారు ఎనిమిదిన్నర, వచ్చినది మూడు. మిగతా అయిదున్నర ముందే దాచి వుంచాలంటే రెండు కాదు, ఆరు బ్యాటరీలు కావాలి. ఏడాదిలో 350 రోజులకు రెండు బ్యాటరీలు చాలుతాయి. మిగిలిన పదిహేను రోజుల కోసం మరి నాలుగు కొని, చోటు చూపించి, నాలుగైదేళ్ళకొకసారి మార్చాలి. తీగను పూర్తిగా తెంచివేయటానికి మనం యిచ్చే మూల్యం యిదే. ఇందులో ఎ.సి. చేర్చనే లేదు. ఒకటిన్నర టన్నుల ఎ.సి. రాత్రంతా నడిస్తే ఆరేడు యూనిట్లు. గీజరు, ఇస్త్రీపెట్టె సంగతి యెత్తకపోవటం మంచిది.

అందువల్ల మా అభిప్రాయం దాచకుండా చెబుతున్నాము. గడప ముందు తీగ వున్న చెన్నై గృహస్థుడు దాన్ని తెంచుకోవటంలో ఖర్చు తప్ప ఘనత లేదు. పైగా 2016లో తమిళనాడు ప్రభుత్వం గృహస్థులకు రెండు నెలలకు మొదటి నూరు యూనిట్లు ఉచితం చేసినది. ఉచితంగా వచ్చేదాన్ని వదులుకుని బ్యాటరీలు కొనటం యే లెక్కకూ అందదు.

అయితే తీగ వుంచుకుని ప్యానెళ్ళు మాత్రం పెట్టుకుంటే చాలునా? ఇక్కడే మన వాళ్ళు యెక్కువమంది దెబ్బతింటున్నారు. 2024లో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకం ప్రారంభించినది. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు గాని అంతకు పైన గాని అయితే 78 వేల రూపాయలు సహాయం. చాలా మంచి పథకం. కాని అది తీగతో ముడిపడిన ప్యానెళ్ళకు. బ్యాటరీకి సహాయం లేదు. బ్యాటరీ లేని యీ అమరికలో పగలు మిగిలిన కరెంటు తీగలోకి పోతుంది, బిల్లులో తగ్గుతుంది. బాగానే వున్నది. కాని వీధిలో కరెంటు పోయిన మరుక్షణం మిద్దె మీది కరెంటు కూడ ఆగిపోతుంది. నడినెత్తిన సూర్యుడు భగభగలాడుతున్నా సరే! దాన్ని కావాలనే అలా చేశారు. స్తంభమెక్కి తెగిన తీగను ముడివేసే లైన్‌మన్ కరెంటు లేదనుకుని చెయ్యి వేస్తాడు. ఆ సమయంలో మన మిద్దె నుండి కరెంటు తీగలోకి పారితే ఆయన ప్రాణం పోతుంది. కాబట్టి ఆ నియమాన్ని తప్పుపట్టటానికి లేదు. తప్పు, ఆ మాట ముందుగా చెప్పకుండా అమ్మేవారిది. ‘కరెంటు పోతే నా యింట్లో ఏం వెలుగుతుంది?’ అని అడిగి, జవాబు కాగితం మీద వ్రాయించుకోండి.

ఈ ప్రశ్న యెంత అవసరమో తుఫానులు నేర్పాయి. 2015 డిసెంబరు వరదల్లో అడయారు ఒడ్డు పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెట్లను, స్తంభాలను వేలకొద్ది పడగొట్టినది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ యీ పట్నాన్ని ముంచి, మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటినది. వేళచ్చేరి, పళ్ళికరణై వైపు మన కుటుంబాలు మేడల మీద చిక్కుకుని, ఫోనులో బ్యాటరీ అయిపోయి, అమెరికాలోని పిల్లలకు బ్రతికే వున్నామని చెప్పలేక యెంత అవస్థ పడ్డాయో మనకు తెలుసు. విశాఖలో బంధువులున్నవారు 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ సంగతి చెబుతారు. ఇంట్లో ముసలివారున్నప్పుడు కరెంటు పోవటం ఉక్కపోతతో తీరదు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో వుంటుంది. ఆయాసం మనిషికి నెబ్యులైజర్ కావాలి. లిఫ్టు ఆగితే నాలుగో అంతస్తులోని తాతగారు ఆస్పత్రికి దిగిరాలేరు. మోటారు ఆగితే నీళ్ళు లేవు. పిల్లలు దూరదేశాల్లో వుండి, ఇద్దరు పెద్దవాళ్ళే మిగిలిన యిళ్ళు మన సంఘంలో యిప్పుడు యెన్ని వున్నాయో లెక్కించనక్కరలేదు.

అటువంటి యింటికి కావలసినది తీగను తెంచటం కాదు; తీగ తెగినప్పుడు నిలబడగలగటం. దీనికి ‘హైబ్రిడ్’ అనే రకం ఇన్వర్టరు వున్నది. మామూలు రోజుల్లో తీగతో కలిసి నడుస్తుంది. వీధి కరెంటు పోగానే యింటిని తీగ నుండి తానే విడదీసి, ప్యానెళ్ళతోను, బ్యాటరీతోను కొన్ని గదులను నడుపుతుంది. లైన్‌మన్‌కు అపాయం లేదు; మనకు చీకటి లేదు. ఎలక్ట్రీషియన్ చేత ముఖ్యమైన స్విచ్చులన్నీ వేరే ఫేజులోకి చేర్పించుకోవాలి: పడకగదిలో ఒక ఫ్యాను, హాలులో ఒకటి, దీపాలు, ఫ్రిజ్, ఫోను ప్లగ్గు. చిన్న మోటారు కూడ చేర్చవచ్చును గాని, మోటారు పుట్టేటప్పుడు తన మామూలు వాడుకకు అనేక రెట్లు లాగుతుంది. ఇన్వర్టరు దాన్ని తట్టుకునేంత పెద్దదై వుండాలి. రాత్రివేళ మోటారు వేయకుండా యెండ వుండగానే తొట్టి నింపుకోవటం అన్నిటికంటె చవక. పైతొట్టి నిండా నీళ్ళుంటే అది కూడ ఒక బ్యాటరీయే గదా!

బ్యాటరీ యెటువంటిది కొనాలన్న ప్రశ్న తప్పక వస్తుంది. సీసపు బ్యాటరీ 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టినది. మనకు బాగా అలవాటైనది, చవక. కాని మూడు నాలుగు నెలలకొకసారి డిస్టిల్డ్ వాటరు పోయాలి. కుళాయి నీళ్ళు పోసినవారి బ్యాటరీ వచ్చే యేటికి వుండదు. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలి లేని అలమారలోను, పూజగదిలో దీపం పక్కన, వంటింట్లో పొయ్యి దగ్గర పెట్టరాదు. వేడి దీనికి పరమ శత్రువు. 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీల వేడికీ ఆయువు సుమారు సగం తరుగుతుంది. మన మిద్దె మీది రేకుల కొట్టంలో వేసవిలో యెంత వేడి వుంటుందో చెప్పనక్కరలేదు. అక్కడ బ్యాటరీలు పెట్టమనేవారిని వినవద్దు.

రెండవది లిథియం. అందులోను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే రకం యిళ్ళకు మంచిది. మంటలంటుకునే భయం తక్కువ. నూటికి 80, 90 వంతులు ఖాళీ చేసినా వేలసార్లు తట్టుకుంటుంది. నీళ్ళు పోసే పని లేదు. లిథియం బ్యాటరీలను కనిపెట్టిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చినది. వారిలో గుడెనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్ళు. తొలి ఖర్చు యెక్కువ. పదేళ్ళ లెక్క వేస్తే సీసంతో సమానమో, తక్కువో అవుతుంది. పదేళ్ళ తరువాత చూచేదెవరు అనే పెద్దవారికి మేము సీసమే చాలునంటాము. పిల్లలు డబ్బు పంపుతామంటే మాత్రం మొగమాట పడవద్దు. ఏ రకమైనా నేలమట్టంలో పెట్టకండి. 2015లో మెట్లకింద పెట్టిన ఇన్వర్టర్లు మొదట మునిగాయి. అవసరం వచ్చిన గంటలోనే పనికిరాకుండా పోవటానికి అంత ఖర్చెందుకు?

ఫ్లాట్లలో వుండేవారికి చిక్కు వేరు. మిద్దె అందరిదీ, అంటే యెవరిదీ కాదు. పన్నెండు యిళ్ళకు కలిసి రెండు వేల చదరపు అడుగుల మిద్దె వుంటే, తొట్లు, లిఫ్టు గది, నడిచే దారి పోను యింటికొక కిలోవాటు కూడ రావటం కష్టం. అందరూ వాటాలు వేసుకుని పోట్లాడుకోవటం కంటె, మోటారు, మెట్ల దీపాలు, వీలైతే లిఫ్టు వీటికి ఉమ్మడిగా ఒక అమరిక చేసుకుని, యెవరి బ్యాటరీ వారు తమ యింట్లో పెట్టుకోవటం మా దృష్టిలో ఉచితమైనది. వాననీటి గుంటలు 2003లో ప్రభుత్వం అన్ని కట్టడాలకూ తప్పనిసరి చేసేదాకా యే అసోసియేషనూ కదలలేదు. దీనికి కూడ అటువంటి ఉత్తరువు వచ్చేదాకా కూర్చోవలసి వస్తుందేమో.

తీగ లేకుండా బ్రతకటం నిజంగా అర్థవంతమైన చోట్లు వేరే వున్నాయి. అనంతపురం ప్రాంతంలో చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు వారు బీడుభూమిని అడవిగా మార్చి, అక్కడ సోలార్ దీపాలతోనే కాపురముంటున్నారు. తీగ రావటానికి కొండలు అడ్డమైన చోట ప్యానెలు పరమాత్ముడే. మన అడయారు దాపున ఐ.ఐ.టి.లో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారి బృందం మరొక దారి చూపినది. ప్యానెలులో పుట్టేది డి.సి.; బ్యాటరీలో నిలిచేది డి.సి.; కొత్త ఫ్యానులు, ఎల్.ఇ.డి. దీపాలు లోపల వాడేదీ డి.సి.యే. నడుమ దాన్ని ఎ.సి.గా మార్చి, మళ్ళీ డి.సి.గా మార్చటంలో పోయే శక్తి యెవరిని ఉద్ధరించటానికి? కనుక యింటికి 48 వోల్టుల డి.సి. తీగ వేసి తిన్నగా వాడుకుందామన్నారు. ఆ పద్ధతిలో రాజస్థాన్ ఎడారి పల్లెల్లో, తీగ యెన్నడూ చూడని వేలాది యిళ్ళకు చిన్న ప్యానెలు, చిన్న బ్యాటరీలతో దీపాలు, ఫ్యానులు వచ్చాయి. ఆ యిళ్ళకు సామాను సమకూర్చినవారిలో హైదరాబాదు సంస్థ సిగ్ని కూడ వున్నదన్నది మనకు ముచ్చట గొలిపే విషయం.

ఇవన్నీ చదివి యిప్పుడే బయలుదేరేవారికి ఒక వరుస చెబుతాము. మొదట పాత ఫ్యానులు మార్చండి. ప్యానెలు లేకపోయినా లాభమే. రెండు నెలలు మీటరు చూచి, రాత్రి యెన్ని యూనిట్లు, పగలెన్ని అని గోడ క్యాలెండరు మీద వ్రాసుకోండి. ఆ అంకెలు చేతిలో వుంటే దుకాణదారుడు అయిదు కిలోవాట్లు అంటగట్టలేడు. అమర్చేటప్పుడు కాళ్ళు సిమెంటులోకి దిగగొట్టించండి. వర్దా గాలికి రేకులెగిరిన పట్నమిది. సముద్రానికి దగ్గరైన తిరువాన్మియూరు, రాయపురం వారు తుప్పుపట్టని బోల్టులు అడగాలి. వారానికొకసారి తెల్లవారుజామున, ప్యానెలు చల్లగా వున్నప్పుడు, నీళ్ళతో కడిగితే చాలు. మధ్యాహ్నం కాలే గాజు మీద చన్నీళ్ళు కుమ్మరించవద్దు.

ఇక ప్యానెళ్ళు వస్తే వడియాలెక్కడ పెట్టుకోవాలి అని గృహిణులు అడిగిన ప్రశ్న బహు న్యాయమైనది. ఎండను నిలవ చేసుకోవటం వారు మనకంటె ముందు నేర్చిన విద్య. ప్యానెళ్ళను ఏడడుగుల ఎత్తు స్టాండ్ల మీద పెట్టిస్తే కింద బట్టలు ఆరవేసుకోవచ్చును, కుర్చీ వేసుకోవచ్చును. వడియాలకు, ఊరమిరపకాయలకు మాత్రం నీడ పనికిరాదు. కనుక ప్యానెళ్ళ నీడ పడని దక్షిణపు పిట్టగోడ పక్కన నాలుగు చాపలు పరిచేంత చోటు వదలమని, నక్షా గీసే రోజునే, ఎలక్ట్రీషియన్‌తో చెప్పాలి.